ఇంటికొచ్చిన ఓటు

ఇంటికే వచ్చి ఓటు వేయించుకుంటారని తెలిసినప్పుడు నేను మొదట ఆలోచించింది ఏ గుర్తుకు వేయాలా అని కాదు, కుర్చీలు యాడ దొరుకుతాయా అని. నలుగురొస్తారంట. ఇద్దరు ఆఫీసర్లు, ఒక పోలీసు, వీడియో తీసేటాయన. మా ప్రొద్దుటూరు ఇంట్లోకి నలుగురు ఒకేసారి అడుగుపెట్టి ఎన్నేండ్లయిందో నాకే తెలీదు. నా భార్య పోయినాక ఈ ఇంటికి వచ్చేది గ్యాసు సిలిండరాయన, కరెంటు రీడింగు తీసేటాయన. ఇద్దరూ గడప బయటి నుంచే తిరిగిపోతారు.

నాకు కథలు చెప్పే జబ్బుంది. మా పక్క దాన్ని కోతలు కోయడమంటారు. లారీ నడిపే రోజుల్లో ఎర్రగుంట్లలో సిమెంటు లోడు కోసం బండ్లు బారులు తీరి నిలబడితే, నా క్యాబిన్‌లో కూర్చునేందుకు డ్రైవర్లు కొట్లాడుకునేవాళ్లు. ఒకరోజు లోడు మీద టార్పాలిను పట్ట కడతా కిందపడినాను. మోకాలు పోయింది, లారీ పోయింది, వినేటోళ్లు కూడా పోయినారు. ఇంక నాకు మిగిలింది ఓట్ల రోజు ఒక్కటే. మా వీధి బడిలో లైను కట్టినాక పాపం ఎవరూ యాడికీ పోలేరు. ఎండలో నిలబడి నా మాట వినాల్సిందే. నా ముందర ఎప్పుడూ, నన్ను మామా అని వరస కలిపి పిలిచే పక్కింటి దర్జీ నిలబడతాడు. ఆయన భార్య కువైట్‌లో పని చేస్తాది. మిషను ముందర కూర్చుంటే తల ఎత్తడు గానీ, లైనులో మాత్రం నాకు దొరికిపోతాడు.

అట్లాంటి లైనును నేనే చేతులారా వదులుకున్నాను.

మా వీధి ఓటర్ల పని చూసేది అంగన్‌వాడీ టీచరమ్మ. పులివెందులలో ఉన్న నా ఓటును ప్రొద్దుటూరికి మార్పించింది కూడా ఆమే. చీనీకాయల, అదే బత్తాయిల, లోడ్లకు తిరిగే కాలంలో అక్కడే కాపురముండేవాళ్లం, ఓటు అక్కడే ఉండిపోయింది. ఎనిమిదో నంబరు ఫారం నింపి, ఆధారు కార్డు, ఇంటాయన రాసిచ్చిన బాడుగ కాగితం పెడితే కొన్నాళ్లకు కొత్త కార్డు పోస్టులో ఇంటికొచ్చింది. ఫోటో మాత్రం పాతదే, బుర్ర మీసాలతో.

ఈసారి ఎన్నికలకు ముందర ఆమె ఇంకో ఫారం పట్టుకొచ్చింది.

"అన్నా, నీకు కాలు బాగలేదు గదా. సర్టిఫికెట్టులో నలభై శాతమో, అంతకన్నా ఎక్కువో ఉంటే ఇంటికాడనే ఓటేయచ్చు. ఈ 12-డి నింపి, సర్టిఫికెట్టు నకలు పెట్టి నాకిస్తే సాలు."

సర్టిఫికెట్టు నా దగ్గర ఉంది. జమ్మలమడుగు ఆస్పత్రిలో క్యాంపు పెట్టినప్పుడు తీసుకున్నదే. గండికోట లోయలో చిరుత నా మోకాలు పట్టుకుందని ఆ డాక్టరుతో చెప్పినాను. ఆయన ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసి, "ఆ చిరుతకు పండ్లు లేవేమప్పా?" అన్నాడు. అయినా నలభై అయిదు శాతం రాసిచ్చినాడు, మంచోడు.

"వచ్చినోళ్లు ఎంతసేపుంటారమ్మా?" అని టీచరమ్మను అడిగినాను.

"నువ్వు ఓటేసేంతసేపు."

"నేను నిదానంగా ఏస్తా."

"నీ సంగతి నాకు తెలీదా! ఒగ మాట ఇను. ఇది ఇచ్చినాక లిస్టులో నీ పేరు కాడ గుర్తు పెడతారు. మళ్లా బడికాడికి పోయి ఏస్తానంటే ఎవరూ ఒప్పుకోరు. లైనులో నువ్వుండవు మరి. ఆలోచించుకో."

ఆలోచించలేదు. లైనులో అయితే వాళ్లకు నేను తోడు, ఇంటికాడైతే వచ్చినోళ్లు నాకు తోడు. సంతకం పెట్టేసినాను.

వాళ్లొచ్చే రోజు, వచ్చే వేళ ముందే చెప్పినారు. టెంటు హౌసు నుంచి కుర్చీలు తెచ్చి వేసినాను. బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి, బజ్జీలు తెప్పించి పెట్టినాను. ఏ కథ మొదలుపెట్టాలో రెండు రోజులు తిరగేసుకున్నాను. ఆఫీసర్లు గదా, మరీ పచ్చి కోతలు బాగుండవు. నమ్మేటట్టుండాలి.

వచ్చినారు. ఎవరూ కూర్చోలేదు.

"టిఫను..." అన్నాను.

"డ్యూటీలో ఉన్నామండీ, ఓటర్ల ఇండ్లలో ఏమీ తీసుకోకూడదు," అన్నాడు పెద్దాఫీసరు. ఆయన కోస్తా మనిషి, మాట మెత్తగా ఉంది. ఓటరు కార్డు అడిగి, ఫోటో చూసి, నన్ను చూసి, మళ్లీ ఫోటో చూసి, "ఇది మీరేనా?" అన్నాడు.

"మా తమ్ముడు సార్," అన్నాను. నోరు ఊరుకోదు గదా.

పోలీసాయన ఒక అడుగు ముందుకేసినాడు. ఆఫీసరు పెన్ను మూత పెట్టేసినాడు. "వీడియో నడుస్తోందండీ. ఓటు వద్దంటే చెప్పండి, వెళ్లిపోతాం."

వెళ్లిపోతారనేసరికి కోత ఆపేసినాను. "నేనే సార్. మీసాలు తీసేసినాను, అంతే," అని ఆధారు కూడా తెచ్చి చూపించినాను.

బల్ల మీద అట్టతో చిన్న మరుగు కట్టినారు. బ్యాలెట్టు కాగితం చేతికిచ్చి, ఎట్లా వేయాలో రెండో ఆఫీసరమ్మ చెప్పింది. కాగితం మడిచి చిన్న కవరులో పెట్టి అంటించాల. నేనే ఫలానా ఓటరునని ఇంకో కాగితంలో సంతకం చేయాల, దాని మీద ఆఫీసరు సంతకం. ఆ సంతకం మరిచిపోతే ఓటు లెక్కకే రాదంట. చిన్న కవరు, సంతకాల కాగితం రెండూ పెద్ద కవరులో పెట్టి అంటించాల. నేను మాటిచ్చినట్టే నిదానంగా చేసినాను. అట్ట వెనకాల ఎంతసేపు తలొంచుకుని ఉండగలను? పెన్ను పెట్టి గీస్తే అయిపోయింది.

"సార్, ఒకసారి నంద్యాల ఘాటులో నా లారీకి బ్రేకులు..." అని మొదలుపెట్టినాను.

"మళ్లీ ఎప్పుడైనా విందామండీ," అన్నాడాయన. ఆ మాట కూడా మెత్తగానే అన్నాడు. ఆఫీసరమ్మ ఒక్కతే గడప దాటతా వెనక్కి చూసి, "బ్రేకులు పడినాయా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా బయట జీపు హారను కొట్టినారు. ఉగ్గాని రాత్రికి కూడా నేనే తిన్నాను.

పోలింగు రోజు ఇంట్లో ఉండలేకపోయినాను. పొద్దున్నే వీధి అంతా బడి దిక్కు పోయింది. నేనూ కర్ర పట్టుకుని పోయినాను. ఓటెయ్యను, ఊరికే లైనులో నిలబడతాను అనుకున్నాను. గేటు కాడ పోలీసు స్లిప్పు అడిగినాడు.

"ఇంటికాడ ఏసినాను సార్."

"ఏసినాక ఈడేం పనప్పా?"

ఏది పడితే అది అల్లేసే నోటికి ఆ పూట ఒక్క మాట అందలేదు. రోడ్డవతల వేపచెట్టు నీడలో నిలబడి చూసినాను. తల మీద తువ్వాళ్లు కప్పుకుని అందరూ తొందరగా కదిలినారు. దర్జీ నిలబడినాడు, లోపలికి పోయినాడు, బయటికొచ్చి అటే అంగడికి పోయినాడు. ఎవరూ ఎవరితోనూ ఏమీ మాట్లాడలేదు. నేను లేని లోటు ఆ లైనులో యాడా కనపడలేదు. తిరిగొచ్చి తలుపేసుకున్నాను.

సాయంత్రం దర్జీ తలుపు కొట్టినాడు. వేలి మీద సిరా ఇంకా మెరుస్తాంది. లోపలికొచ్చి, టెంటు హౌసోళ్లు ఇంకా తీసుకుపోని కుర్చీలో కూర్చున్నాడు.

"మామా, ఈ పొద్దు లైనంతా నిన్నే అడిగినారు."

"అవునా అల్లుడా?"

"అల్లా తోడు... కాదులే, ఒట్టెందుకు గానీ, నిజం మామా. నువ్వు లేవని లైను కదల్లేదు. ముసిలోళ్లు కూడా... ఆ... మామ యాడ, మామ యాడ అని. లోపలున్న ఆఫీసరు బయటికొచ్చి మరీ అడిగినాడు."

నేను రోడ్డవతల ఉన్న సంగతి ఆయనకు తెలీదు. బతుకంతా కొలత తప్పకుండా గుడ్డ కత్తిరించిన మనిషి, కోత కోయడం బొత్తిగా రాదు. మాటలు ముందుకూ వెనక్కూ పోతాండాయి, చెవులు ఎర్రగా అయినాయి. ఆఫీసరు బయటికొచ్చినాక ఏం చేయించాలో తెలీక నోరు తెరిచి అట్లే ఆగిపోయినాడు.

ఇంకో కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.

"ఆ, తర్వాత ఏమైంది అల్లుడా?" అన్నాను.