తావీజు కింది తెలుపు

మా మార్గిలాన్ ఊళ్ళో కారు లోపలి ప్లాస్టిక్ పసుపెక్కితే జనం మస్తుర దగ్గరికే తీసుకొస్తారు. ఒకప్పుడు ఆమె ఆడవాళ్ళ జుట్టుకు రంగులు వేసేది. జుట్టు తెల్లబరిచే క్రీము ఒకసారి పాత ప్లాస్టిక్ పీట మీద ఒలికి ఎండలో ఉండిపోయింది. సాయంత్రానికి అంత మేరా కొత్తదానిలా తేలింది. అంతే, దువ్వెనలు మూలపడ్డాయి. గ్యారేజీల వరసలో ఆమె ఒక్కతే ఆడది కావడంతో మొదట్లో అందరికీ వేళాకోళమే.

"అక్కా, మా కారుకు జడ వేస్తావా?" అన్నాడొక మెకానిక్.

"ముందు నీ బట్టతలకు వేస్తాను, నాలుగు వెంట్రుకలు అప్పు తెచ్చుకో," అంది మస్తుర.

నోరున్న మనిషి. కానీ ఏం లాభం? ఇంటికి వెళితే ఆ నోటికి పనే లేదు. ఒక్కదానికి పులావు ఏం వండుకుంటాంలే అని రొట్టె టీలో ముంచుకు తిని పడుకునేది. రేడియోతో పోట్లాడేది. అది కూడా బదులు చెప్పదాయె.

ఆమెకూ ఒక మొగుడుండేవాడు, హైదర్ అని. మంచివాడే, కానీ తల్లి గీసిన గీత దాటనివాడు. కొత్త కారు కొన్న రోజున మస్తుర దిష్టి తగలకుండా లోపలంతా ఇసిరిక్ అనే ఎండు మూలిక కాల్చి పొగ వేసింది. మా ఊళ్ళో పొగ వేయకుండా కొత్త బండి ఎవరెక్కుతారు? అత్యుత్సాహంలో చిన్న నిప్పురవ్వ జారి, స్టీరింగు లేని కుడివైపు, ఆమె కూర్చునే సీటు ముందున్న తెల్లటి ప్లాస్టిక్ మీద పడింది. మెంతి గింజంత మచ్చ. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. హైదర్ మాత్రం పగలబడి నవ్వాడు.

"అమ్మ చూసిందంటే నిన్నూ కారునూ కలిపి తగలేస్తుంది. ఏదైనా అడ్డం పెట్టు తల్లీ!"

ఆమె గుడ్డతో మూడుమూలల తావీజు కుట్టి, మచ్చ కనబడకుండా అంటించింది. కంగారులో కాస్త వంకరగా కూర్చుంది. అదే వాళ్ళిద్దరి గుట్టు. అత్తగారు ఎన్నడూ కనిపెట్టలేకపోయింది.

పిల్లలు కలగలేదు. అత్తగారు సాధించి సాధించి చివరికి విడగొట్టింది. మూట సర్దుకున్న రోజున మస్తుర గుమ్మంలో నిలబడి అరిచింది: "ఆ తావీజు కూడా పీకి పారెయ్! నా గుర్తు ఒక్కటీ మిగలనీయకు!"

"నువ్వు సందు మలుపు తిరిగేలోపు పీకేస్తాను, ఫో!" అన్నాడు హైదర్.

తరవాత అతను తల్లిని తీసుకుని దూరాన తెర్మెజ్‌లో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయాడు. మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడా లేదా అని మస్తుర ఎవర్నీ అడగలేదు. ఆమెను ఏళ్ళ తరబడి తొలిచింది ఒక్కటే. నిజంగా పీకేశాడా? ఇంత చిన్న సంగతి ఎవర్ని అడుగుతాం, ఏ మొహం పెట్టుకుని అడుగుతాం!

మొన్న వేసవి చివర్లో కార్ల బేరగాడు బోతిర్ ఒక పాత బండి తెచ్చాడు.

"తెర్మెజ్ ఎండ తిన్న బండి అక్కా. లోపల చూడు, ఖర్బూజా తొక్కలా ఉంది. ఆదివారం సంతకు పెళ్ళికూతుర్ని చేసి పంపాలి."

"పెళ్ళికూతురికి అమ్మమ్మ వయసుంది. సరే, తాళం అక్కడ పెట్టి ఫో."

అతను టీ తాగడానికి వెళ్ళాడు. మస్తుర కుడివైపు తలుపు తీసింది. పసుపెక్కిన ప్లాస్టిక్ మధ్యలో మూడుమూలల తెలుపు, కాస్త వంకరగా. దాని నడుమ మెంతి గింజంత కాలిన మచ్చ.

ఆమె ఆ సీట్లోనే కూలబడింది.

తన పని సంగతి తనకు తెలియదా! ఆ తావీజును ఆనాడే పీకేసి ఉంటే, ఆ చోటూ ఇన్ని ఎండలకు మిగతాదానితో పాటే పసుపెక్కేది. ఇదేమో పాలలా ఉంది. మొన్నమొన్నటిదాకా మూసే ఉందన్నమాట. పీకలేదు. పీకేస్తానని అరిచి, పీకలేదు! దొంగ సచ్చినోడా అనుకుంది. నవ్వొచ్చింది, కళ్ళు నిండాయి. తెర్మెజ్ రైలు ఏ వేళకుందో ఎవర్ని అడగాలా అని కూడా అనుకుంది. తలగుడ్డ సర్దుకుని, పక్క అద్దంలో మొహం చూసుకుంది.

బోతిర్ తిరిగొచ్చాడు.

"ఇక్కడేదో అంటించి ఉండాలే?" అంది, గొంతు మామూలుగా పెట్టుకుని.

"ఏదో పాత తావీజు అక్కా. పొద్దున కత్తితో గీకితే గానీ రాలేదు. దారిలో విసిరేశాను."

"బండి గలాయన ఉంచుకోమన్నాడా, తీసెయ్యమన్నాడా?"

"ఆయనెక్కడున్నాడు? ఎండాకాలంలోనే పోయాడు, గుండె ఆగి. తమ్ముడు అమ్మేశాడు. పెళ్ళాం పిల్లలు ఎవరూ లేరట పాపం. ఏం, ఎందుకలా అయిపోయావు?"

"క్రీము ఘాటు," అంది మస్తుర. సీసా మూత అప్పటికింకా తీయనేలేదు.

పని మానలేదు. మానేసి ఎక్కడికి పోతుంది? ముక్కలన్నీ ఊడదీసి సబ్బుతో కడిగింది. కుంచెతో క్రీము పూసి, ఆరిపోకుండా పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి, ఎండలో పెట్టి తిప్పింది. ఆ మూడుమూలల చోటును మాత్రం ముట్టుకోలేదు. దానికి అవసరమూ లేదు. రోజు రోజుకీ చుట్టూ ఉన్నది తెల్లబడుతూ వచ్చింది. శనివారానికి ఆ మూడుమూలల అంచు ఎక్కడుందో ఆమెకే కనిపించలేదు. తన చేతులతోనే చెరిపేసుకుంది. కుమిలి కుమిలి ఏడ్చింది. గ్యారేజీల వాళ్ళు విని, ఎందుకో తెలియక, టీ తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళారు.

బోతిర్ వచ్చి చూసి చప్పట్లు కొట్టాడు.

"భేష్ అక్కా! ఇందులో ఇంతవరకూ ఎవరూ కూర్చోనట్టే ఉంది! కానీ ఈ కాలిన మచ్చేంటి? బేరం చెడగొట్టేలా ఉంది. ఏదైనా అంటించరాదూ?"

మస్తుర తలగుడ్డ కొస కత్తిరించి, మూడుమూలలుగా మడిచి కుట్టింది. వెళ్ళి ఆ సీట్లోనే కూర్చుని మచ్చ మీద అంటించింది. ఆరేదాకా వేలితో నొక్కిపట్టి కూర్చుంది.

"వంకరగా ఉందక్కా," అన్నాడు బోతిర్.

"ఉండనీ. కొన్నవాళ్ళతో చెప్పు, దాన్ని పీకొద్దని."

"అలాగే చెప్తాలే," అంటూ బండి తీశాడు.

చెప్పడని ఆమెకు తెలుసు.