వంకరపోయిన వల

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక వల దానంతటదే వంకరపోయింది. ఆ సంగతి చూసినవాళ్ళలో మిగిలింది ఇప్పుడు నేనొక్కదాన్నే. మా వీధిలో ఇంటికొకరికి షుగర్ ఉంది. "నా చూపుకేం, బ్రహ్మాండంగా ఉండాది" అనే మాట రోజూ నా చెవిన పడుతోంది. అందుకే రాసిపెడుతున్నాను.

అప్పటికి మా కృష్ణపట్నంలో ఇంత పోర్టు లేదు. మా తాతయ్య వేట మానేసి, వసారాలో కూర్చుని వలలు అల్లేవాడు. గళ్ళన్నీ ఒకే కొలతకు రావడానికి చిన్న వెదురుబద్ద వాడేవాడు. అది సముద్రంలో పోయిన ఆయన తమ్ముడిది. ముడి బిగించడం నాకూ నేర్పాడు.

ఒకరోజు నేనల్లింది చూసి, "ఏంది పాపా, గళ్ళు పాముల్లాగా మెలికలు పోయినాయి?" అన్నాడు. నాకు అన్నీ తిన్నగానే కనిపించాయి. ఆయన కత్తి తీసి ముడులన్నీ కోసేశాడు. మర్నాడు తానే అల్లి, అదీ వంకరేనని కోసేశాడు. వారం తిరిగేసరికి మంచి వల సగం ముక్కలైంది. అంతకన్నా భయం వేసింది, పట్టపగలు ఖాళీ గాలిలోకి ఆయన చెయ్యి విసిరినప్పుడు. "ఎవుర్రా పైనుంచి నల్లదారాలు జారవిడస్తా ఉండేది?" అని అరిచాడు. దారాలు లేవు. ఎవరూ లేరు.

మా అవ్వ వెదురుబద్ద వైపు వేలు చూపించింది. "నీ తమ్ముడు పిలస్తా ఉండాడు."

"అయితే నేనే పోయి వాడిది వాడికిచ్చి వస్తా," అన్నాడు తాతయ్య. ఆదివారం పొద్దున ఒంటరిగా పడవెక్కడానికి తెడ్డు భుజాన వేసుకున్నాడు.

చర్చికి బయల్దేరిన పక్కింటి అక్క అది చూసి ఆగింది. ఆమె ఆస్పత్రిలో నర్సు. నవ్వలేదు, వారించలేదు. "ఆ వంకరేందో నాకూ చూపించి పో తాతా," అంది. మిగిలిన వలను రెండు స్తంభాల మధ్య బిగించి, వెనకాల నన్ను నిలబెట్టింది. నా ముక్కుకు ఎదురుగా ఉన్న గడికి సీసపుగుండు కట్టింది.

"కుడికన్ను మూసి గుండునే చూడు."

"తిన్నగానే ఉండాది."

"ఇప్పుడు కుడిది తెరిచి ఎడమది మూయి."

తాతయ్య ఎడమకన్ను మూశాడు. ఆ ఒంటికన్ను నాలోంచి అవతలికి చూస్తున్నట్టుంది. "వంకర. గుండు లేదు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "పాప మొకం కూడా లేదు. యాడికి పోయింది?"

నేను ఇక్కడే ఉన్నానని వల గళ్ళలోంచి వేళ్ళు బయటపెట్టాను.

"వల అదే, పాప అదే. మారింది నీ కన్ను. పిలిచేది తమ్ముడు కాదు, నీకుండే షుగర్," అంది అక్క.

"దూరాన పడవ ఎవురిదో చెప్తా ఉండానే!"

"చెప్పేది ఎడమకన్ను. కుడిదాని పనీ అదే చేస్తా ఉండాది."

తాతయ్య తెడ్డు దించాడు. మద్రాసులో లేజర్ చికిత్సతో ఎడమకన్ను నిలిచింది. కుడిదానికి చూపు పూర్తిగా తిరిగి రాలేదు.

నా బడి చదువు ఐదుతో ఆగింది. మిగతాదంతా గ్రంథాలయం బల్ల మీదే. రెటీనా అంటే కంటి వెనుక ఉండే పలుచని పొర అనీ, షుగర్ వల్ల అందులోని సన్నని రక్తనాళాలు కారి, ఆ పొర నడిమిభాగం ఉబ్బితే తిన్నని గీతలు వంకరగా కనిపిస్తాయనీ అక్కడే చదివాను. కొత్తగా పుట్టిన బలహీనమైన నాళాలు చిట్లి కంటిలోకి కారే రక్తమే ఆ నల్లదారాలు. ఇంత జరుగుతున్నా నొప్పి ఉండదు. చాలాకాలం చూపూ తగ్గినట్టు తెలియదు. అందుకే బాగా కనబడుతున్నప్పుడే ఏటా కంటిపాప పెద్దదయ్యేలా చుక్కలమందు వేయించుకుని రెటీనా చూపించుకోవాలి.

ఇప్పుడు నాకూ షుగర్. ఏటా చూపించుకుంటున్నాను. అయినా రోజూ పొద్దున అద్దం ముందు ఒక్కో కన్ను మూసి, నా ముఖం ఉందో లేదో చూసుకుంటాను. ఆ ఒక్క క్షణం వసారాలో వల వెనకే నిలబడి ఉంటాను.

గ్రంథాలయంలో పుస్తకాలు వెతికిచ్చిన రమణయ్య గారికి, నా రాత సరిచూసిన మనవరాలు సుజాతకు, నన్ను ఆ వల వెనక నిలబెట్టిన పక్కింటి అక్క దయామణికి నమస్కారాలు. చివరిదాకా "ఎడమపక్కకు రా పాపా, మొకం చూడాల" అని పిలిచిన మా తాతయ్య సుబ్బరాయుడికి కూడా.