పడకగది సొరకాయ

కష్టపడకుండా బతకడం ఎలా అని ములకలపల్లిలో పరీక్ష పెడితే సంసోనుకు బంగారు పతకం వచ్చేది. దాన్ని తెచ్చుకోవడానికి కూడా ఆయన ఇంకెవరినో పంపేవాడు. మోకాళ్లు అరిగి మానేసేదాకా బడి బస్సు నడిపాడు. దమ్మపేట మలుపు దగ్గర డ్రైవర్ కునుకు తీసినా ఆ బస్సు తనంతట తానే తిరిగేదని చెప్పుకుంటారు. చెప్పింది సంసోనే కనుక అందులో సగమైనా అబద్ధం ఉండాలి.

అంతటి మనిషి వ్యవసాయంలోకి దిగాడంటే దానికి కారణం ఒక గుమ్మడికాయ.

ఊరి చర్చి మందిరంలో ఏటా కోత పండుగ చేస్తారు. ఎవరి పంటలో మొదటి ఫలం వాళ్లు తెచ్చి దేవుడికిస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం పాడతారు. పొలమున్నవాళ్లు వరి కంకులు, పత్తి, మక్కలు తెస్తారు. సంసోనుకు సెంటు భూమి లేదు. ఏళ్లకేళ్లు కవరు ఒకటి కానుకపెట్టెలో వేసి తల వంచుకుని కూర్చునేవాడు. నిరుడు మాత్రం ఏ దయ్యం పట్టిందో, ఇంత లావు గుమ్మడికాయ మోసుకొచ్చి, "మా దొడ్లె కాసింది" అని బల్ల మీద పెట్టాడు. ఆ దొడ్డి ఎంతంటే, మేక లోపలికి వెళ్తే బయటికి వెనక్కి నడుచుకుంటూ రావాలి.

వేలం పాడించే సంఘ కార్యదర్శి షాలేమ్‌రాజు కాయను పైకెత్తి అందరికీ తిప్పి చూపించాడు. అడుగున సుద్దతో రాసిన తూకం అంకె ఉంది. సంసోను తుడవడం మరిచిపోయాడు. అంగట్లో కూరగాయలమ్మే మహిమ మూడో వరసలోంచి లేచింది.

"సంసోను బాబాయ్, గా అంకె నా చేతిరాతే! మీ దొడ్లె గుమ్మడికాయలు తూకమేసుకొని మరీ కాస్తున్నయా?"

ఆ నవ్వుకు మందిరం కప్పు మీది పావురాలు లేచిపోయి కిన్నెరసాని వాగు దాకా ఆగలేదట. మోకాళ్ల పుణ్యమా అని సంసోను లేచి పారిపోలేకపోయాడు. ఆయన భార్య ఇన్నమ్మ ఆనాటి నుంచి తన చోటు మార్చేసి, చివరి వరసలో గోడవారగా కూర్చోవడం మొదలుపెట్టింది. ఇంట్లో ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని సంసోనుకు అనిపించేది.

అందుకే ఈ ఏడు తన చేత్తో పండించింది ఒక్కటైనా ఇవ్వాలని మొక్కుకున్నాడు. నేల లేదు కాబట్టి డాబా మీద రంగు బకెట్లలో వేద్దామనుకున్నాడు. బద్ధకం వదిలిపెట్టే మనిషి కాదు కాబట్టి, పని లేని సేద్యం ఎలాగో ఫోనులో వెతికి పట్టుకున్నాడు. బకెట్‌లో కొబ్బరి పీచు, పేడ ఎరువు నింపి, అడుగున చిల్లులోంచి పాత చీర పేలిక ఒకటి కిందనున్న నీళ్ల టబ్బులోకి వేలాడదీశాడు. పేలిక నీళ్లు పీల్చి మొక్కకు అందిస్తుంది. వారానికోసారి టబ్బు నింపితే చాలు.

"పార పట్టుడు లేదు, కలుపు తీసుడు లేదు," అని పక్కింటి గోప్యాకు చెప్పాడు. "కూసుంటే కాయలే. ఇది మొత్తం జిల్లాలకే మొదటిసారి."

"అవ్ అన్నా," అన్నాడు గోప్యా. ఆయన సబ్‌స్టేషన్లో లైన్‌మన్. "పేలికకు జీతమిస్తున్నవా మరి? పనంతా అదే చేస్తున్నది గద."

నిజంగానే టమాటా, వంగ, సొర ఏపుగా లేచాయి. అడవి అంచు నుంచి కోతులు కూడా లేచాయి. మొదటి రోజు టమాటాలు, రెండో రోజు వంగ మొక్కలు, ఆ తర్వాత ఊరికే సరదాకి బకెట్లు. సంసోను అంగడి నుంచి పులి బొమ్మ తెచ్చి పిట్టగోడ మీద కూర్చోబెట్టాడు. తెల్లారి చూస్తే ఒక ముసలి కోతి ఆ పులిని ఒళ్లో పడుకోబెట్టుకుని పేలు చూస్తోంది. పులి కూడా హాయిగా కళ్లు మూసుకుందని సంసోను అంటాడు. కర్ర తీసుకుంటే గోప్యా భార్య ద్వాలి అడ్డం వచ్చేది. ఆమె శనివారం శనివారం వాటికి అరటిపళ్లు పెట్టే మనిషి. ఇన్నమ్మకు జ్వరమొచ్చినప్పుడు ద్వాలే వారమంతా గంజి కాచి పోసింది. ఆమెతో ఎలా పోట్లాడతాడు?

మిగిలింది ఒక్క సొర బకెట్. దాన్ని కిందికి దించి పడకగదిలో కిటికీ దగ్గర పెట్టాడు. కిటికీ ఊచలకు ఇనుప వల కొట్టాడు. తీగ బీరువా ఎక్కి, పెళ్లి ఫోటోను చుట్టుకుని, మంచం మీదికి పాకింది. తుమ్మెద రాని గదిలో పిందె నిలవదని తెలిసి, సాయంత్రం తెల్లపూలు విచ్చగానే మగపువ్వు తెంపి ఆడపువ్వుకు తానే తాకించేవాడు. పేలికతో నడుస్తుందన్న సేద్యానికి ఇప్పుడు మనిషి ఇరవైనాలుగు గంటలూ కాపలా. ఎన్నో పిందెలు పసుపుపచ్చగా మారి రాలిపోయాయి. ఒక్కటి నిలిచింది.

పండుగ ఆదివారానికి అది లేతగా, నున్నగా, చంటిపిల్లాడి కాలిలా తయారైంది. గోరు గుచ్చితే దిగేలా ఉంది. సంసోను తువ్వాలు కూడా ఉతికి పెట్టుకున్నాడు, దాంట్లో పెట్టి తీసుకుపోదామని.

పండుగ రెండు రోజులుందనగా, శుక్రవారం షాలేమ్‌రాజు ఫోన్ చేశాడు. "సంసోనన్నా, ప్రసంగానికి వచ్చే అయ్యగారికి జరమంట. పండుగ వెనక్కి జరిపినం."

ఇన్నమ్మ కాయ కింద నిలబడి చూసింది. "ఇయ్యాల కోస్తే పాలు పోసి వండుత. మల్ల గింత లేతది దొరకదు."

"మొక్కుకున్నదే. తింటమా?"

"మరి కోసి దాచు."

"వాడిపోతది."

"తీగకు ఉంచు."

"ముదురుతది."

"గట్లయితే ఏం చేస్తవయ్యా?"

ఏం చేయగలడు? ఎదగొద్దని కాయతో చెప్పగలడా? చెప్పి కూడా చూశాడు, నమ్మండి. రాత్రి తీగ కింద పడుకుని, "ఆగు తల్లీ, కొంచెం ఆగు" అని బతిమాలడం ఇన్నమ్మ విన్నది. నీళ్లు తగ్గిస్తే కాయ ఎదుగుదల ఆగుతుందేమోనని పేలిక తీసేశాడు. ఆకులు వాడాయి గానీ కాయ మాత్రం పెద్దదవుతూనే ఉంది. భయపడి పేలిక మళ్లీ పెట్టాడు.

జరిపిన ఆదివారం నాటికి తుఫాను వాన పట్టింది. వాగు రోడ్డెక్కి పారింది. పండుగ మళ్లీ వెనక్కి పోయింది. సంసోను మంచం మీద కూర్చుని కాయ వైపు చూస్తూనే ఉన్నాడు. నూగు రాలింది. పచ్చదనం పాలిపోయింది. గోరు గుచ్చితే గోరే విరిగింది.

ఎట్టకేలకు పండుగ వచ్చిన రోజున, మంచి తువ్వాలులో చుట్టుకుని, గోప్యా బండి వెనక కూర్చుని మందిరానికి తీసుకెళ్లాడు. బల్ల మీద పెడితే కట్టె పడిన చప్పుడైంది.

"సంసోనన్న ఇంట్ల కాసిన సొరకాయ!" అని షాలేమ్‌రాజు గొంతెత్తాడు. వేలితో కొట్టాడు. టక్, టక్. ఎవరో తలుపు తట్టినట్టు వినిపించింది.

"ఎవరూ? లోపలికి రాండ్రి," అన్నారెవరో వెనక నుంచి. అందరూ నవ్వారు. కానీ నిరుటి నవ్వు కాదు. ఇది ఆయన కాయేనని అందరూ ఒప్పుకున్నారు, ఎందుకంటే డబ్బులిచ్చి ఇలాంటిదాన్ని ఎవరూ కొనరు.

ఎవరూ వేలం పాడలేదు కూడా. షాలేమ్‌రాజు పిలిచాడు, మళ్లీ పిలిచాడు, ధర దించాడు. ఇచ్చినవాళ్లే పాడుకోవడం ఆ మందిరంలో లేదు. సంసోను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చివరికి షాలేమ్‌రాజు కాయను బల్ల కిందికి నెట్టి, మక్కల గంప పైకెత్తాడు.

తర్వాతి ఆదివారం సంసోను, ఇన్నమ్మ మందిరానికి వచ్చేసరికి గాలి గట్టిగా ఉంది. రెండు రెక్కల తలుపులో ఒక రెక్క కొట్టుకోకుండా ఎవరో సొరకాయను అడ్డం పెట్టారు.

"చూసినవా?" అన్నాడు సంసోను గొంతు తగ్గించి. "తలుపుకు అడ్డం పెట్టిండ్రు."

"పెట్టనీ. ఇచ్చినంక మనదెట్లయితది?"

"ఎండ కొడుతుందే దానికి."

"లోపలికి నడువయ్యా. పాట షురువైంది."

ఇన్నమ్మ ముందుగా లోపలికి వెళ్లి, చివరి వరసలో గోడవారగా కూర్చుంది. సంసోను కష్టంగా మోకాళ్లు వంచి, కాయను నీడలోకి జరిపాడు. రెండడుగులు వేశాడో లేదో, వెనకాల తలుపు దఢాలున పడింది. పాడుతున్నవాళ్లంతా ఆయన వైపు తిరిగి చూశారు.