మూడు అన్నచోట ఏడు

ఆరేళ్ళుగా ఒక అంకె నా గుండెల మీద కూర్చుని ఉంది. ఏడు. మునియమ్మ చెప్పింది మూడు, నేను రాసింది ఏడు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

హూడిలో ఒక చిన్న ఆక్యుపంక్చర్ క్లినిక్‌లో పనిచేస్తాను. మా డాక్టరుగారు ఎంబీబీఎస్ చదివి, తరువాత ఈ సూదుల వైద్యం నేర్చుకున్నారు. పదేళ్ళు పీడించిన నా తలనొప్పి ఆవిడ చేతిలోనే తగ్గింది. ఎవరైనా ఈ వైద్యాన్ని ఎగతాళి చేస్తే నాకు ఒళ్ళు మండేది.

ఆవిడ మోకాళ్ళ నొప్పుల మీద ఒక పరిశోధన మొదలుపెట్టారు. ఒప్పుకున్న రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు చైనా వైద్యం చెప్పిన బిందువుల్లోనే సూదులు. రెండో జట్టుకు ఆ బిందువులకు దూరంగా, చర్మం పైపైన. ఎవరు ఏ జట్టో రోగులకు తెలియదు, నాకూ తెలియకూడదు. నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంతో అడిగి, వాళ్ళు చెప్పింది రాయడమే నా పని.

ఒకరోజు బీరువాలో ఎవరు ఏ జట్టో రాసిన జాబితా కనబడింది. చూశాను.

రెండో జట్టుకూ నొప్పి తగ్గుతోంది, ఇంచుమించు మొదటి జట్టుతో సమానంగా. అంటే ఆ బిందువుల్లో ఏమీ లేదనా? సూది ఎక్కడ గుచ్చినా మేలేనా? లేక ఒక మనిషి అరగంట ఓపిగ్గా మన కాలు పట్టుకుని చూడటమే మందా? అది తేల్చడానికే కదా ఇదంతా. నేను తేలనివ్వలేదు. నా తలనొప్పి అబద్ధమైపోతుందని భయపడ్డానో, డాక్టరుగారి ముఖం చిన్నబోతుందని బాధపడ్డానో, ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. రెండో జట్టులో పదకొండు మంది అంకెలు పెంచి రాశాను.

వాళ్ళలో మునియమ్మ ఒకరు. కాడుగోడి మార్కెట్‌లో పూలమ్మే మనిషి. ఆమె కాగితంలో ఏడు చూసి, పాపం ఏమీ తగ్గలేదని డాక్టరుగారు నొప్పి మాత్రలు రాశారు. మునియమ్మ ఆ చీటీ పట్టుకుని నా దగ్గరకు వచ్చింది.

"నాకు శానా తగ్గిండాది కదమ్మా. మెట్లు గూడా ఎక్కతా ఉండాను. మళ్ళా ఈ మాత్రలు యాల?"

"డాక్టరుగారు చూసే రాశారు. వేసుకోండి."

"నీవు చెప్తే సరే తల్లీ."

ఆ క్షణంలో ఆపగలిగేదాన్ని. ఆపలేదు.

రెండు నెలలకు కడుపులో పుండు పడి, రక్తం పోయి, ఆమె వారం రోజులు ఆసుపత్రిలో ఉంది. బతికింది. కానీ పూలగంప ఎత్తే సత్తువ మళ్ళీ రాలేదు. కోడలు గంప మోసి తెచ్చిపెడితే కూర్చుని అమ్ముతుంది. టిఫిన్ తినకుండా మాత్రలు మింగినానమ్మా, తప్పు నాదే అని నాతోనే చెప్పింది. విని తల ఊపాను. అంకెలు మార్చినదానికంటే ఆ తల ఊపడమే నన్ను ఎక్కువ తొలిచింది.

పోయిన నెల, కొత్తగా చేరినవాళ్ళకు రోగుల మాటలు ఎలా రాసుకోవాలో నేర్పమన్నారు డాక్టరుగారు. నన్ను మించి శ్రద్ధగా రాసేవాళ్ళు లేరట. తలుపు మూసి, ఆవిడ ముందు నిలబడి అంతా చెప్పేశాను. ఆవిడ ఎంతమంది అని అడిగారు, పేర్లు రాయమన్నారు. రాశాను, ఈసారి ఉన్నదున్నట్టు. ఆ పరిశోధన మీద అచ్చయిన వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు పత్రికకు ఉత్తరం పంపారు. నన్ను రికార్డుల పని నుంచి తప్పించారు. అప్పటి నుంచి నాతో అవసరానికి మించి మాట్లాడటం లేదు. అది న్యాయమే.

డాక్టరుగారికి చెప్పిన మర్నాడు కాడుగోడి వెళ్ళాను. మునియమ్మ కనకాంబరాలు కడుతూ విన్నది. తప్పు మీది కాదు, నాది అన్నాను. ఆమె దారం ముడి వేసి, నా ముఖంలోకి ఒకసారి చూసింది. "ఇంగ పోమ్మా. యాపారం టైము" అంది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. ఏ ముఖంతో అడగను?

తిరిగి వస్తుంటే బస్సులో నా ఊపిరి నాకే కొత్తగా వినిపించింది. ఇంత లోతుగా పీల్చి ఎన్నేళ్ళయిందో.

ఇప్పుడు క్లినిక్‌లో పక్కలు సర్దుతాను, రోగులను లోపలికి పంపుతాను. నిన్న ఒకాయన, ఈ సూదులతో నిజంగా తగ్గుతుందా అని అడిగారు. కొందరికి తగ్గుతుందండీ, అది ఆ బిందువు వల్లేనా అన్నది నాకు తెలియదు అన్నాను. ఆయన చెప్పులు విడిచి లోపలికి వెళ్ళారు. తెలియదు అని అనగలగడం ఇంత తేలికని నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు.