ఎడమచేతి ముడులు

రేవులో ఆవిడను అందరూ బుడుంగక్క అంటారు. ఉద్యోగం అలాంటిది మరి. పడవ లాగుతుంటే తాడు పట్టుకుని నీళ్లకింద సాగుతూ, ఎవరెవరో వదిలేసిన వలల్ని వెతకాలి. దొరికిన వల ఇంకా చేపల్ని చంపుతోందా, నాచుపట్టి ఊరికే పడి ఉందా అని తేల్చాలి. చంపుతుంటే పైకి తీయిస్తారు.

ఆవేళ రాళ్ల మధ్య దొరికిన వల నిక్షేపంగా చంపుతోంది. కుళ్లినవి కొన్ని, పక్కనే కొట్టుకుంటున్నవి కొన్ని. చిరుగులు చూద్దామని బుడుంగక్క దగ్గరికి వెళ్లింది. అతుకుల దగ్గర ముడులన్నీ ఎదురు తిరిగి ఉన్నాయి. ఎడమచేతి వాటంతో అలా వేసేది రేవు మొత్తానికి తనొక్కతే. కిందటేడాది పోయిన తమ వలే అది!

దొంగలెత్తుకుపోయారని కదూ మొగుడు చెప్పింది! ఎక్కడ వేసిందీ తమ్ముడికి తప్ప ఎవరికీ తెలియదని కూడా అన్నాడు. ఇంకేం, ఈవిడ మరిది ఇంటిమీదికి వెళ్లి, అన్న వల అమ్ముకు తిన్నారని తోడికోడల్ని వీధిలో నిలబెట్టి దుమ్మెత్తిపోసింది. నలుగురిలో తలెత్తుకోలేక వాళ్లు రేవే వదిలిపోయారు. ఇప్పుడు చూస్తే వల పైతాడు కత్తితో నున్నగా తెగి ఉంది.

ఇంటికెళ్లి నిలదీస్తే మొగుడు టీ గ్లాసైనా కింద పెట్టలేదు.

"వేయకూడని చోట వేశాను. గస్తీ పడవ వచ్చింది, కోసేశాను. ఆ మాట ఊరంతా చాటమంటావా?"

"నేను వాళ్లను తిడుతుంటే పక్కనే నిలబడి చూశావు కదయ్యా!"

"అయిపోయిందేదో అయిపోయింది. మళ్లీ తవ్వకు."

ఛీ, వాడూ ఒక మనిషేనా! మర్నాడు బుడుంగక్క బస్సెక్కి వాళ్లను వెతుక్కుంటూ వెళ్లింది. ఒంటిగది ఇల్లు. సముద్రం మీద బతికిన మరిది ఏదో గోదాము గేటు దగ్గర కాపలా కాస్తున్నాడట. తోడికోడలు కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. బుడుంగక్క ఉన్నదంతా చెప్పి, ఏడ్చేసి, చేతులు పట్టుకోబోయింది.

"తప్పయిపోయిందమ్మా. వచ్చేయండి. అందరి ముందూ నేనే చెబుతాను."

తోడికోడలు చేతులు వెనక్కి తీసుకుంది.

"పిల్లల మీద ఒట్టేసి చెప్పాను కదక్కా, ఆరోజు. నేను చెబితే నమ్మలేదు. వల చెబితే నమ్మావు."

తల వంచుకుని మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.