సంతకం పెట్టని మాష్టారు

ఏలూరులో హైస్కూలు అసిస్టెంటుగా చేరేనాటికి నాకు ఇరవై మూడేళ్లు. రాజమండ్రిలో ఎల్.టి. మాష్టరు ట్రెయినింగు ముగించుకుని, ఒక ట్రంకు పెట్టె, పరుపుచుట్టతో రైలు దిగాను. మొదటి రోజు హెడ్మాష్టరు గారు నన్ను తన గదిలో నిలబెట్టే మాట్లాడారు. తలపాగా, మెడదాకా గుండీలు పెట్టిన తెల్లకోటు, ఎప్పుడూ నవ్వని ముఖం. అటెండెన్సు రిజిస్టరు, సుద్దముక్కల డబ్బా, ఒక బెత్తం బల్లమీద నా వైపు జరిపారు.

"మీ క్లాసు కుర్రాణ్ణి మీరే కొట్టుకోవాలండి. నా దగ్గరికి పంపించారంటే మీకు చేతకాలేదని అనుకుంటాను," అన్నారు.

నేను కొట్టాను. వెనక బెంచీలో నవ్విన ఒక కుర్రాడికి మొదటి వారంలోనే అరచేతి మీద ఆరు దెబ్బలు వేశాను. ఆ సాయంత్రం స్టాఫు రూములో డ్రిల్లు మాష్టారు నా భుజం తట్టి, "ఇంక ఫరవాలేదండి, మీరు కుదురుకున్నారు," అన్నారు. నిజం చెప్పాలంటే నాకు సంతోషంగానే అనిపించింది.

మా స్టాఫులో కొట్టని మనిషి లెక్కల మాష్టారొక్కరే. నలభై దాటిన వయసు. భార్య పోయింది, పిల్లలు లేరు. కాలవ గట్టున చిన్న పెంకుటింట్లో ఉండేవారు. నాకు ఊళ్లో ఎవరూ తెలియరని ఆ ఇంట్లో ముందు గది నన్ను వాడుకోమన్నారు. వంట ఆయనే చేసేవారు, చారు మాత్రం బాగా కాచేవారు.

ఆయన క్లాసులో గోల పక్క గదులకి వినబడేది. తప్పు చేసిన కుర్రాణ్ణి ఆయన సాయంత్రం బడి వదిలాక వెంటబెట్టుకుని రైలుకట్ట దాకా నడిచి వెళ్లి, నడిచి వచ్చేవారు. దారిలో ఏం మాట్లాడుకునేవారో ఎవరికీ తెలియదు. స్టాఫు రూములో అందరికీ అది వేళాకోళం. "ఇవాళ ఎవరికండీ షికారు?" అని అడిగేవారు. ఆయన కూడా నవ్వేసేవారు.

నేనొకసారి భోజనాల దగ్గర అడిగాను, "మీరెందుకు కొట్టరండీ?" అని.

ఆయన నాకు చారు వడ్డిస్తూ, "కొట్టేశాక ఇంక వాడితో నాకు మాట ఉండదండి. వాడి మటుకు వాడు అయిపోయిందనుకుంటాడు. నేనూ అయిపోయిందనే అనుకుంటాను. అసలు సంగతి అలాగే ఉండిపోతుంది," అన్నారు.

నాకది సరిగా అర్థం కాలేదు. నా బెత్తం నా బల్ల మీదే ఉంది.

మా స్కూల్లో అందర్నీ ఒక తాటిమీద నిలబెట్టింది ఫుట్‌బాల్. "స్కూలు పరువు" అన్న మాట హెడ్మాష్టరు గారు రోజూ ప్రార్థన అయ్యాక ఒక్కసారైనా అనేవారు. ఆ పరువు మోసేది డ్రిల్లు మాష్టారు తయారుచేసిన జట్టు. ఆయన జర్మనీ యుద్ధానికి వెళ్లి వచ్చిన మనిషి. తెల్లవారుతూనే కుర్రాళ్లని పెదపాడు రోడ్డు మీద పరిగెత్తించేవారు. మేచీ ఉన్న రోజు టీచర్లమందరం కోట్లు వేసుకుని, ఆకుపచ్చ జెండా వెనక నడిచి గ్రౌండుకి వెళ్లేవాళ్లం. నేనూ గొంతు పోయేలా అరిచాను. ఊరు కాని ఊళ్లో ఒంటరిగా ఉన్న నాకు ఆ అరుపుల్లో బంధువులు దొరికినట్టుండేది. లెక్కల మాష్టారు కూడా వచ్చేవారు, గొడుగు పట్టుకుని ఒక పక్కన నిలబడేవారు.

ఆ ఏడు శీతాకాలంలో ఒక శనివారం తాడేపల్లిగూడెం స్కూలు జట్టు మా మీద ఆడడానికి వచ్చింది. ఆట ఇంకా రెండు నిమిషాలుందనగా వాళ్లు గోలు కొట్టారు. అది చెల్లదని మావాళ్లు గోల పెట్టారు. రిఫరీ వినలేదు. మేం ఓడిపోయాం. డ్రిల్లు మాష్టారు జెండా చుట్టేస్తూ, కుర్రాళ్లందరికీ వినబడేలా, "దొంగ గోలు కొట్టి పోతున్నార్రా! చూస్తూ నిలబడండి!" అన్నారు.

గూడెం జట్టు వాళ్ల మాష్టారితో కలిసి కాలవ గట్టు మీదుగా స్టేషనుకి నడిచిపోతున్నారు. మేం నలుగురైదుగురు టీచర్లం కొంచెం వెనకగా అదే దారిన వస్తున్నాం. అవతలి గట్టు మీద మా కుర్రాళ్లు గుంపుగా పోగయ్యారు. మొదట కేకలు వినబడ్డాయి. తరవాత రాళ్లు వచ్చాయి. చాలామటుకు నీళ్లలో పడ్డాయి. ఒక్కటి మాత్రం గాలిలో రివ్వుమంటూ వచ్చింది. ముందు నడుస్తున్న కుర్రాడొకడు ముఖం పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. మేం దగ్గరికి వెళ్లేసరికి వాడి వేళ్ల సందుల్లోంచి రక్తం కారుతోంది. వాడు ఏడవడం లేదు. "కనపట్టం లేదండి, కనపట్టం లేదండి," అంటున్నాడు.

లెక్కల మాష్టారు తన కండువా తీసి వాడి ముఖానికి కట్టారు. నేను వంగబోతుంటే డ్రిల్లు మాష్టారు నా చెయ్యి పట్టుకుని, "వాళ్ల మాష్టారున్నారుగా, చూసుకుంటారు. మీరు రండి," అన్నారు. నేను వెళ్లిపోయాను. వాళ్లతో స్టేషను దాకా వెళ్లింది లెక్కల మాష్టారొక్కరే.

బుధవారం గూడెం హెడ్మాష్టరు దగ్గర్నించి ఉత్తరం వచ్చింది. ఆ కుర్రాడికి ఎడమ కన్ను పోయింది. రాయి విసిరినవాడెవరో కనిపెట్టి తగిన చర్య తీసుకోమని రాశారు. హెడ్మాష్టరు గారు స్కూలంతటినీ నిలబెట్టి మూడుసార్లు అడిగారు. ఒక్కడూ నోరు విప్పలేదు. చెప్పులతో క్లాసులోకి వచ్చినవాణ్ణి కూడా కొట్టే ఆ స్కూల్లో, ఆ రోజు ఎవరికీ ఒక్క దెబ్బ పడలేదు.

ఆ సాయంత్రం దీపం పెట్టే వేళకి మా ఇంటికి ఒక కుర్రాడు వచ్చాడు. వాడు నా క్లాసువాడే, ఫిఫ్తు ఫారం, ఫుట్‌బాల్ జట్టులో కూడా ఉన్నాడు. కొల్లేటికోట వాడు, చేపలు పట్టుకుని బతికే ఇంట్లోంచి హైస్కూలు దాకా వచ్చిన మొదటివాడు. ఏలూరులో మేనమామ ఇంట్లో ఉండి చదువుకునేవాడు. వాడు నా గది దాటుకుని లోపలికి లెక్కల మాష్టారి దగ్గరికి వెళ్లాడు. క్లాసు టీచర్ని నేనైనా నా దగ్గర ఆగలేదు.

"నేనేనండి," అన్నాడు. "వడిసెలతో కొట్టానండి. మా ఊళ్లో చేల మీద పిట్టల్ని తోలతామండి దాంతో. భయపెడదామనే అనుకున్నానండి. నాకు గురి తప్పదండి. ఎందుకు తగిలిందో తెలీదండి."

లెక్కల మాష్టారు వాణ్ణి తిట్టలేదు. "అన్నం తిన్నావా?" అని అడిగారు. తినలేదన్నాడు. వాడికి వడ్డించి, పక్కన కూర్చున్నారు.

మర్నాడు పొద్దున్నే ముగ్గురం హెడ్మాష్టరు గారి గదికి వెళ్లాం. కుర్రాడు చెప్పాల్సింది చెప్పేసి, అడక్కుండానే అరచెయ్యి చాపాడు. హెడ్మాష్టరు గారు ఆ చేతివైపు చూడలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఈ మాట ఇంకెవరితోనైనా అన్నావా?" అని అడిగారు.

"లేదండి."

"అనకు. వెళ్లి క్లాసులో కూర్చో."

"నన్ను కొట్టండి సార్," అన్నాడు కుర్రాడు.

"వెళ్లమన్నానా!"

వాడు చెయ్యి దించుకోవడానికి కూడా కొంతసేపు పట్టింది. వాడి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. అన్ని దెబ్బలు చూసిన ఆ గదిలో అంత బాధపడ్డ ముఖం నేను ఇంకొకటి చూడలేదు.

మధ్యాహ్నం స్టాఫందర్నీ పిలిచారు. పై నెలలో ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారు. ఇలాంటి మచ్చ ఉంటే స్కూలు గుర్తింపుకే ముప్పని హెడ్మాష్టరు గారు చెప్పారు. పదిహేనేళ్లుగా ఆ స్కూలుని కట్టుకొచ్చిన మనిషి. ఆ ముప్పు అబద్ధమని నేననను. బల్లమీద ఒక కాగితం పెట్టారు. మా విద్యార్థులెవరూ ఆ గట్టు మీద లేరనీ, ఆ అబ్బాయి రాళ్ల మీద కాలు జారి పడ్డాడనీ, అక్కడున్న టీచర్లు చూశారనీ దానిలో ఉంది. కింద, ఆ రోజు గట్టు మీద లేనివాళ్లతో సహా, స్టాఫందరి పేర్లు.

డ్రిల్లు మాష్టారు మొదట సంతకం పెట్టారు. కాగితం ఒక్కొక్కరి చేతుల మీదుగా నా దగ్గరికి వచ్చింది. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నేను సంతకం పెట్టాను.

లెక్కల మాష్టారు కాగితం చదివి మడతపెట్టి వెనక్కి ఇచ్చారు. "ఆ అబ్బాయి జారిపళ్లేదండి. కండువా కట్టింది నేను," అన్నారు.

"స్కూలు మీద అభిమానం లేదా మీకు?" అన్నారు హెడ్మాష్టరు గారు.

"ఉందండి. అందుకే పెట్టలేకపోతున్నాను."

ఇంటికొచ్చాక ఆయన నన్నేమీ అనలేదు. ఆదివారం ఆ కుర్రాణ్ణి తీసుకుని గూడెం వెళుతున్నానని చెప్పి, "మీరూ వస్తారా?" అని అడిగారు. పరీక్ష పేపర్లు దిద్దుకోవాలన్నాను. నిజానికి ఆ పేపర్లు ముందు రోజే దిద్దేశాను.

అక్కడ జరిగింది ఆయనే ఆ సాయంత్రం నాకు చెప్పారు. కన్ను పోయిన కుర్రాడి తండ్రి రైతు. వీళ్లెవరో తెలిశాక కూడా లేచి మంచం వేశాడు. కొల్లేటికోట కుర్రాడు నిలబడే జరిగింది జరిగినట్టు చెప్పాడు. కట్టుతో కూర్చున్న కుర్రాడు విని, "నువ్వు లెఫ్ట్ వింగ్ ఆడావు కదూ?" అని మాత్రం అడిగాడట. తరవాత తండ్రి ఇలా అన్నాడు: "కన్ను ఎలాగూ రాదు మాష్టారూ. మీ స్కూలు నించి కాగితం వచ్చిందండి, మావాడు జారిపడ్డాడని. ఇంతమంది మాష్టర్లు అబద్ధం రాస్తారా అంటున్నారు ఇక్కడ. మావాడు అబద్ధాలకోరని పేరు పడిపోయిందండి. అది మార్పించండి చాలు."

ఆ మాట చెబుతూ లెక్కల మాష్టారు కళ్లు తుడుచుకున్నారు. తను చూసింది అక్కడే కాగితం మీద రాసి ఇచ్చి వచ్చారు. ఒక మనిషి రాసిన కాగితానికి తొమ్మిదిమంది సంతకాలు పెట్టిన కాగితం అడ్డొచ్చింది. గూడెం స్కూలువాళ్లు ఏది నమ్మాలో తేల్చుకోలేక ఊరుకున్నారు.

మా స్కూల్లో మాత్రం అందరూ తేల్చేసుకున్నారు. స్టాఫు రూములో ఆయన పక్క కుర్చీ ఖాళీగా ఉండేది. కాఫీ కప్పు ఆయన దాకా వచ్చేది కాదు. కుర్రాళ్లు నల్లబల్ల మీద "ద్రోహి" అని రాశారు. ఆయన దాన్ని తుడిచి, దాని మీదే ఆ రోజు లెక్క వేశారు. నేనూ స్టాఫు రూములో ఆయనతో మాట్లాడ్డం తగ్గించాను. ఇంటికొచ్చాక మాట్లాడేవాణ్ణి. ఆయన మాత్రం రెండుచోట్లా నాతో ఒకేలా మాట్లాడేవారు.

నెల తిరక్కుండా ఆయన్ని రాజీనామా చెయ్యమన్నారు, చేశారు. స్టేషనుకి నేనొక్కణ్ణే వెళ్లాను, అదీ కోటు లేకుండా, పక్కదారిన. కొల్లేటి కుర్రాడికి అదే వారం టి.సి. చేతిలో పెట్టారు. మేం సంతకాలు పెట్టిన కాగితం ప్రకారం తప్పేదీ జరగలేదు కాబట్టి దానిలో ప్రవర్తన "బాగున్నది" అని రాయాల్సి వచ్చింది. క్లాసు టీచరుగా ఆ మాట రాసింది నేను. వాడు ఇంకే స్కూల్లోనూ చేరలేదు. ఇన్‌స్పెక్టరు గారు వచ్చి, క్రమశిక్షణ మెచ్చుకుని వెళ్లారు.

నాలుగేళ్లు గడిచాయి. లెక్కల మాష్టారు ఎక్కడో ఒక చిన్న బళ్లో చెబుతూ టైఫాయిడ్ వచ్చి పోయారని ఆయన బంధువొకాయన కార్డు రాశాడు. ఆ కార్డు పట్టుకుని రెండు రోజులు తిరిగాను. ఆ కబురు వినవలసిన మనిషి ఇంకొకడున్నాడని తోచి, బండి మీద కొల్లేటి ఒడ్డుకి వెళ్లాను. అక్కణ్ణించి కొల్లేటికోటకి దోనె కావాలి. దోనె నడిపేవాళ్లెవరని అడిగితే ఆ కుర్రాణ్ణే చూపించారు.

బాగా ఎదిగాడు, మీసం వచ్చింది. నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు. దోనె నీళ్లలోకి వెళ్లాక చెప్పాను. వాడు గెడ వెయ్యడం ఆపేశాడు. తుంగ పక్కన దోనె అలా నిలబడిపోయింది. "రెండు నెలలకోసారి ఉత్తరం రాసేవారండి. లెక్క ఒకటి ఉండేదండి చివర్లో. చేసి పంపేవాణ్ణి," అన్నాడు.

"ఆ కాగితం మీద నేనూ సంతకం పెట్టాను," అన్నాను.

"తెలుసండి. మాష్టారు చెప్పారండి."

"ఏమన్నారు?"

"మీరు భయపడ్డారన్నారండి. అంతేనండి."

వాడు నన్ను తిరిగి ఒడ్డుకి చేర్చాడు. కోట దాకా వెళ్లే పని నాకింక లేదు.

ఆ పై ఆదివారం దెందులూరు మీదుగా తాడేపల్లిగూడెం రైలెక్కాను. అడుగుతూ అడుగుతూ ఆ రైతు ఇల్లు పట్టుకున్నాను. ఎడమ కన్ను మూసుకుపోయిన యువకుడు గడ్డివామి దగ్గర పని చేసుకుంటున్నాడు. నేనెవరో చెప్పాను. మా స్కూలు నించి వచ్చిన ఆ కాగితంలో రాసింది అబద్ధమనీ, సంతకం పెట్టినవాళ్లలో నేనొకణ్ణనీ, కావాలంటే ఇప్పుడు ఎవరి ముందైనా ఆ మాట రాసిస్తాననీ చెప్పాను.

అతను గడ్డి దులుపుకుని నా వైపు తిరిగి, మర్యాదగానే నిలబడ్డాడు.

"మా నాన్నగారు కిందటేడు పోయారండి," అన్నాడు. "ఆయన ఉండగా వచ్చుంటే బాగుండేదండి. నాకేం అక్కర్లేదండి ఇప్పుడు."

లోపల్నించి ఎవరో మంచినీళ్లు తెచ్చి ఇచ్చారు. తాగి, చెంబు ఇచ్చేసి, స్టేషనుకి నడిచి వచ్చేశాను.