అక్క పక్కన వదిలిన జాగా

నిన్న అక్కను ఏడిపించాను. తెలియక చేశానని చెప్పుకోవడానికి కూడా లేదు. ఫొటో బాగా వస్తుందనే చేశాను.

ఏటా ఒకసారి పెనుకొండలో మా ఇంటి వెనక గోడ దగ్గర అందరినీ నిలబెట్టి, వెనకాల కొండ కనబడేలా ఫొటో తీస్తాను. నేను హిందూపురం నుంచి, అక్కా బావా ధర్మవరం నుంచి వచ్చేవాళ్లం. అమ్మ, పక్కన బావ, ఆ పక్కన అక్క. ప్రతిసారీ అదే వరుస. ఆ ఫొటోలన్నీ పక్కపక్కన పెడితే కొండ కింద ఇళ్లు పెరగడమూ, అమ్మ నడుము వంగడమూ తెలుస్తాయి. అందుకే ఎవరు కాస్త జరిగినా కసురుకునేవాణ్ణి.

బావ చనిపోయాక ఇదే మొదటి ఫొటో. అక్క వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుని నిలబడింది. నేను కెమెరాలోంచి కన్ను తీయకుండానే అన్నాను.

"అక్కా, నీ చోట్లో నిలబడు. అమ్మ పక్క జాగా అట్లే వదిలెయ్."

"ఆడికి ఎవరొస్తారప్పా?"

"ఒరే, వద్దురా," అంది అమ్మ.

అయినా అక్క జరిగింది. నేను నొక్కాను. ఖాళీ అయిన చోట్లోంచి కొండ చక్కగా కనబడింది. అది చూసి ఒక్క క్షణం సంతోషపడ్డాను కూడా.

అక్క అన్నం తినకుండానే స్టేషనుకు బయలుదేరింది. వెనకే వెళ్లి స్టేషను బెంచీ మీద పక్కన కూర్చున్నాను.

"ఆ జాగా నువ్వు చూపియ్యాల్నా నాకు? దినామూ ఇంట్లో కనబడతానే ఉండాది."

"తప్పైందక్కా. ఆ ఫొటో తీసేస్తా."

"తీసేయద్దు. అమ్మ బాగా పడింటాది." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పోయినేడు మీ బావ కదిల్నాడని అరిసి మళ్లా తీసినావే, ఆ కదిలింది ఉండాదా?"

చెడిపోయినవాటిని వెంటనే చెరిపేసే అలవాటు నాది. చూస్తానని మాత్రం చెప్పగలిగాను.

హిందూపురంలో ఇంటికి రాగానే పాత మెమొరీ కార్డులన్నీ వెతికాను. ఆ కదిలిన ఫొటో ఎందుకో చెరిపేయకుండా మిగిలిపోయింది. అందులో గోడా కొండా స్పష్టంగా ఉన్నాయి. బావ ముఖం చెదిరింది. అక్క వైపు తిరిగి ఏదో అంటున్నాడు. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. మళ్లీ తీసిన దాంట్లో ఇద్దరూ బిగుసుకుపోయి ఉన్నారు. నేను దాచుకున్నది దాన్నే.

"ఇది షేకైందన్నా, ఇంకోటి లేదా?" అన్నాడు స్టూడియో ఆయన. ఇదే కావాలని రెండు ప్రింట్లు వేయించాను.

ఈ రోజు పొద్దున్నే ధర్మవరం వెళ్లి అక్క చేతికిచ్చాను. చాలాసేపు చూసింది.

"ఏమన్న్యాడక్కా బావ?"

"'నీ తమ్ముడు ఆ కొండను గూడా ఊపిరి బిగబట్టమంటాడు సూడు' అన్న్యాడు." నవ్వబోయి ఏడ్చింది. కాసేపటికి తేరుకుని, "వచ్చేయేడు యాడ నిలబడాల్నో నేనే చూసుకుంటా," అంది.

"సరేక్కా."

తిరిగి వస్తూ పెనుకొండలో దిగి, రెండో ప్రింటు అమ్మకిచ్చాను.